కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్ళకి కూడా ఒక ఫారం

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో స్కాలర్‌షిప్‌ల వివరాలు వస్తాయి కదా, వాటిని కత్తిరించి మా లైబ్రరీ నోటీసు బోర్డుకి అంటించేది నేనే. చివరి తేదీ కింద ఎర్ర గీత గీసి మరీ అంటిస్తాను. నింపడం రాక నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్న పిల్లలు ఎంతమందో లెక్క లేదు. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పేరు రాసుకుని నేను నింపుకున్న ఫారం ఒక్కటీ లేదు. లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళకి కూడా గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు, ట్రైనింగులు ఉంటాయన్న సంగతే చాలాకాలం నాకు తెలియదు. తెలిశాక అర్థమైంది ఏమిటంటే, అవి ఉంటాయి గానీ మా కౌంటర్ దాకా రావు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. కొన్నేళ్ళ కిందట పాత పుస్తకాల సంరక్షణ మీద వారం రోజుల శిక్షణ అని ఒక సర్క్యులర్ వచ్చింది, ప్రయాణం, బస అన్నీ వాళ్ళే చూసుకుంటారట. అది నా చేతికి వచ్చేసరికి చివరి తేదీ దాటి తొమ్మిది రోజులు. ఎక్కడ ఆగిందయ్యా అంటే ఒక టేబుల్ మీద ఆగింది. తర్వాత తెలిసింది, పై ఆఫీసు నుంచి ఒకాయన వెళ్ళొచ్చారని. ఆయన మంచివారే, నాకేం కోపం లేదు, కానీ పుస్తకాన్ని చేత్తో పట్టుకునే పని ఆయనకి లేదు. అట్టలు ఊడిపోయినవి, పురుగు తొలిచినవి రోజూ చూసేది నేనూ, మా అటెండరూ. సర్టిఫికెట్ ఆయన గదిలో గోడకి ఉంది, పురుగులు మా ర్యాకుల్లోనే ఉన్నాయి.

ఇది నా ఒక్కదాని గొడవ అయితే మీ పత్రికలో చోటు అడిగేదాన్ని కాదు. లైబ్రరీల చరిత్ర చదివితే ఈ కథ వందేళ్ళకి పైగా నడుస్తూనే ఉంది. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ ఉక్కు వ్యాపారంలో సంపాదించిన డబ్బుతో 1883 నుంచి 1929 వరకు ప్రపంచంలో అక్కడా ఇక్కడా కలిపి 2,509 లైబ్రరీలు లేచాయి. ఆయన ఇచ్చింది కట్టడానికి. స్థలం ఊరు చూపించాలి, ఇచ్చిన గ్రాంటులో పదో వంతుకి సమానమైన డబ్బు ఏటా ఊరే నిర్వహణకి పెట్టాలి, పుస్తకాలూ జీతాలూ అందులోంచే. షరతు మంచిదే, ఊరికే ఇస్తే ఎవరికీ విలువ తెలియదు. అయితే కొన్నాళ్ళకి ఆయన పెట్టిన దాతృత్వ సంస్థ కార్నెగీ కార్పొరేషన్‌కే అనుమానం వచ్చి ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికవేత్తని వెళ్ళి చూసి రమ్మంది. ఆయన తిరిగొచ్చి చెప్పింది, భవనాలున్నాయి గానీ వాటిని సరిగ్గా నడిపే శిక్షణ ఉన్న మనుషులు లేరు అని. 1917లో కొత్త భవనాలకి గ్రాంట్లు ఆపేశారు, అప్పటికే ఒప్పుకున్నవి మాత్రం తర్వాత కూడా లేచాయి. ఇప్పుడు ఏ లైబ్రరీ ప్రారంభోత్సవం ఫోటో చూసినా నాకు ఆ జాన్సన్ రిపోర్టే గుర్తొస్తుంది. రిబ్బను, కొత్త కంప్యూటర్లు, గాజు తలుపులు అన్నీ ఉంటాయి, ఆ కంప్యూటర్లో కేటలాగు ఎక్కించడం ఎవరికి నేర్పారు అన్న మాట మాత్రం ఉండదు.

ఆ తర్వాత ఇదే కార్పొరేషన్ కోసం చార్లెస్ విలియమ్సన్ అనే ఆయన లైబ్రరీ శిక్షణ మీద ఒక రిపోర్టు రాశాడు, 1923లో అచ్చయింది. లైబ్రరీ చదువు విశ్వవిద్యాలయాల్లో ఉండాలన్నది ఆయన వాదన, అది నెగ్గింది కూడా. దాంతోపాటు ఆయన ఇంకో మాట అన్నాడు, లైబ్రరీలో వృత్తి పని వేరు, గుమాస్తా పని వేరు, రెండింటినీ కలపకండి, రెండింటికీ శిక్షణ వేరువేరుగా ఇవ్వండి అని. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ గీతకి ఇవతల ఉన్నదాన్ని నేను. ఇవాళ్టికీ సగం ఫారాలు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. డిగ్రీ ఉందా, పర్మనెంటా, హోదా ఏమిటి? కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు, సాయంత్రం రెండు గంటలు వచ్చి రీడింగ్ రూమ్ చూసుకునేవాళ్ళు, ర్యాకులు సర్దేవాళ్ళు, వీళ్ళందరికీ మొదటి పేజీలోనే తలుపు మూసుకుంటుంది. గీతకి రెండు పక్కలా శిక్షణ కావాలని ఆయన అన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు!

శిక్షణ వల్ల ఏమొస్తుంది, పుస్తకం ఇచ్చి పుచ్చుకోవడానికి కోర్సు ఎందుకు అని అడిగేవాళ్ళకి రంగనాథన్ గారి కథ చెప్తాను. ఎస్.ఆర్. రంగనాథన్ లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా చేరి, పని లేక, తోచక, మళ్ళీ పాఠాలు చెప్పుకుంటానని మొరపెట్టుకున్నారు. ముందు లండన్ వెళ్ళి నేర్చుకుని రా, తర్వాత కూడా నచ్చకపోతే నీ క్లాసుకి నువ్వు వెళ్ళిపోవచ్చు అని పంపించారు. ఆయన అక్కడ యూనివర్సిటీ కాలేజీలో చదివారు, వందకి పైగా లైబ్రరీలు తిరిగి చూశారు, ఒక బొమ్మల షాపులో మెకానో సెట్టు చూసి ముక్కలు కలిపి కొత్త వస్తువు కట్టినట్టు పుస్తకాల వర్గీకరణ కూడా చేయొచ్చు కదా అనుకున్నారు. తిరిగొచ్చాక క్లాసుకి వెళ్ళలేదు. కోలన్ వర్గీకరణ అని పుస్తకాలు సర్దే ఆయన పద్ధతి, 1931లో లైబ్రరీ శాస్త్రానికి అయిదు సూత్రాలు, అంతా ఆ ప్రయాణం తర్వాతే. ఆ తోచని ఉద్యోగిని పంపకుండా రాజీనామా తీసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆయన కూడా ఆ మేలు మర్చిపోలేదు, తను కూడబెట్టుకున్న లక్ష రూపాయలు భార్య శారద గారి పేరుతో లైబ్రరీ శాస్త్రం పీఠానికి అదే విశ్వవిద్యాలయానికి ఇచ్చారు.

మరి ఇప్పుడేం ఉన్నాయి? ఉన్నాయండీ, వెతికితే దొరుకుతాయి. ముందు పేర్ల దగ్గర గందరగోళం తీర్చాలి, నేను కూడా మొదట్లో అక్కడే తప్పటడుగు వేశాను. గ్రాంటు చాలావరకు సంస్థకి ఇస్తారు, కాబట్టి పై అధికారి సంతకం లేకుండా అది కదలదు. స్కాలర్‌షిప్ మనిషికి, డిగ్రీ చదవడానికి. ఫెలోషిప్ అంటే కొన్ని వారాలో నెలలో ఎక్కడికైనా వెళ్ళి నేర్చుకునేది. ఇక సమావేశాలకి వెళ్ళడానికి ఇచ్చే ప్రయాణ ఖర్చులు వేరే. మీకు కావలసింది ఏది అన్నది తేల్చుకోకుండా వెతికితే రోజంతా పోతుంది, చేతికి ఏమీ రాదు.

ఈఐఎఫ్ఎల్ అనే సంస్థ 1999 నుంచి ఉంది, అభివృద్ధి చెందుతున్న దేశాల లైబ్రరీలతో పనిచేస్తుంది, కెన్యా, ఘనా, ఉగాండా, జాంబియా లాంటి చోట్ల పబ్లిక్ లైబ్రరీ సిబ్బందికి శిక్షణలు ఇచ్చింది. పాత తాళపత్రాలో చేతిరాత పుస్తకాలో మీ అలమారాలో ఉంటే బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ గురించి చదవండి, 2004 నుంచి నడుస్తోంది. దాని డబ్బుతో పత్రాలని డిజిటల్ చేసేటప్పుడు అక్కడి సిబ్బందికే ఆ పని నేర్పుతారు, అందుకే అది నాకు నచ్చింది, పరికరాలు వెళ్ళిపోయినా పని వచ్చిన మనిషి అక్కడే ఉంటాడు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1997లో పెట్టిన స్పెక్ట్రమ్ స్కాలర్‌షిప్ మనలాంటివాళ్ళకి రాదు, అక్కడ చదివేవాళ్ళకే. అయినా దాని గురించి చెప్పడం ఎందుకంటే, అక్కడి మైనారిటీ జాతుల నుంచి లైబ్రేరియన్లు తక్కువగా వస్తున్నారని గమనించి, వాళ్ళ కోసమే పెట్టారు. ఎవరు రావడం లేదో ముందు చూసుకుని తర్వాత ఫారం తయారుచేశారు. మన దగ్గర ఫారం ముందు తయారవుతుంది, ఎవరికి అన్నది తర్వాత!

డబ్బు అక్కర్లేనివి కూడా ఉన్నాయి. వెబ్‌జంక్షన్ అనే వెబ్‌సైటులో లైబ్రరీ పనుల మీద ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. ఇంగ్లీషులో ఉంటాయి, మొదట భయం వేస్తుంది, ఆపి ఆపి వింటే వస్తుంది. కేటలాగు, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోవడాలు చూసే కోహా సాఫ్ట్‌వేర్ ఇంట్లో కంప్యూటర్లో వేసుకుని నేర్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ ట్రస్టు తన అవసరానికి 1999లో చేయించుకున్న సాఫ్ట్‌వేర్ అది, కోహా అంటే మావోరీ భాషలో కానుక అని అర్థమట. నేను యాభై దాటాక నేర్చుకున్నాను, మా అబ్బాయి నవ్వాడు, నవ్వనీ.

ఒక జాగ్రత్త. "మీరు అంతర్జాతీయ ఫెలోషిప్‌కి ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని మెయిల్ వస్తే తీసేయండి. మీరు అప్లై చేయనిదానికి మిమ్మల్ని ఎంపిక చేసేవాళ్ళెవరూ ఉండరు. మాకు తెలిసిన ఒకావిడ సగం నెల జీతం అలా పోగొట్టుకుంది.

ఇక అసలు అడ్డం ఏమిటో చెప్తాను, ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే వాళ్ళ కోసం. డబ్బు ఇస్తామంటారు, కానీ ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, బిల్లులు పంపితే తర్వాత ఇస్తాం అంటారు. ఎక్కువ జీతం ఉన్నవాళ్ళకి అది సమస్య కాదు. కాంట్రాక్టు మీద ఉన్న అమ్మాయి అప్పు చేసి రైలెక్కి, ఆ బిల్లులు మూడు నెలల తర్వాత పాసయ్యేదాకా వడ్డీ కట్టాలి. ఇంకోటి, నేను వారం రోజులు వెళ్తే కౌంటర్ ఎవరు చూస్తారు? ఉన్నది ఇద్దరం. శిక్షణ అంటే సరదాగా సెలవు మీద వెళ్తున్నట్టు మాట్లాడతారు, సెలవు పెట్టుకుని వెళ్ళు అంటారు, ఆ రోజుల్ని డ్యూటీ కింద లెక్క వేయరు. మీరిచ్చే గ్రాంటులో మా బదులు కూర్చునే మనిషి ఖర్చు కూడా వేయండి, ప్రయాణం డబ్బు ముందే ఇవ్వండి, అప్పుడు చూడండి ఎవరెవరు అప్లై చేస్తారో. యునెస్కో పబ్లిక్ లైబ్రరీ మేనిఫెస్టో 1994లోనే చెప్పింది, లైబ్రేరియన్‌కి ఉద్యోగంలో చేరాక కూడా చదువు కొనసాగడం తప్పనిసరి అని. తప్పనిసరి అయినదానికి సెలవు పెట్టుకోమనడం ఏమిటో నాకర్థం కాదు.

అప్లై చేసే మావాళ్ళకి ఒక్క మాట. "నాకు నేర్చుకోవాలని చాలా ఆసక్తి" అని రాయకండి, అందరూ అదే రాస్తారు. మీ రిజిస్టర్ తీయండి. పోయిన నెలలో ఎంతమంది ఉద్యోగ ఫారాలు ఆన్‌లైన్‌లో నింపిపెట్టమని అడిగారు, ఎన్ని పుస్తకాలు పాడైపోయాయని పక్కన పెట్టారు, చూపు సరిగ్గా లేని పాఠకుడు వస్తే ఏం చేయలేక పంపేశారు, అది రాయండి. వచ్చాక ఎవరికి నేర్పుతారో కూడా రాయండి.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది చిన్నదే. మీ చదువుల పేజీలో నెలకి ఒక్కసారి, ఒక మూల, లైబ్రరీ సిబ్బందికి ఉన్న శిక్షణలు, ఫెలోషిప్‌లు వేయండి. చివరి తేదీ, డిగ్రీ కావాలా వద్దా, కాంట్రాక్టు వాళ్ళు పెట్టుకోవచ్చా, డబ్బు ముందా తర్వాతా, ఈ నాలుగూ ఉంటే చాలు. సర్క్యులర్ ఏ టేబుల్ మీద ఆగినా పేపరు మాత్రం పొద్దున్నే మా రీడింగ్ రూమ్‌కి వస్తుంది, దాన్ని మొదట విప్పేది మా అటెండరే. అతనికి కత్తెర ఇచ్చి ఉంచుతాను.

ఇట్లు,
లైబ్రరీ కౌంటర్ దగ్గర పనిచేసే ఒక పాఠకురాలు