భీముడిని తీసుకొచ్చిన పెద్దమనిషికి

అయ్యా, ఆ కంగారులో మీ పేరు అడగడం మరిచిపోయాను. మీ లాబ్రడార్ పేరు మాత్రం గుర్తుంది, భీముడు.

ఆ సాయంత్రం మా కుక్క చిట్టికి చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. ఎండదెబ్బ అనుకుని పొద్దుటి నుంచీ కొబ్బరినీళ్లు తాగిస్తూ కూర్చున్నాను, నా తెలివి అలా ఏడ్చింది. పశువుల డాక్టరమ్మ గాజుపలక మీద రక్తపు చుక్కను సెలైన్‌తో కలిపి చూపించారు. పలచగా పరచుకోవలసిన రక్తం విరిగిన పాలలా పలుకులు కట్టింది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే సొంత ఎర్రకణాలను పగవాళ్లనుకుని చంపుతోందట. రక్తంలో వాటి వాటా కనీసం 37 శాతం ఉండాలి, చిట్టికి 12 ఉంది. ఆ దాడిని అణిచే ప్రెడ్నిసొలోన్ మందు పనిచేసేదాకా ప్రాణం నిలవాలంటే రక్తం ఎక్కించాలన్నారు.

భీముడి గోళ్లు కత్తిరింపించడానికి వచ్చిన మీరు విని, “మావాడు 32 కిలోలు, టీకాలన్నీ వేయించాం, తీసుకోండి” అన్నారు. మెడ దగ్గర వెంట్రుకలు గీస్తుంటే భీముడు మీ మోచేతి మడతలో మూతి దాచుకున్నాడు. 450 మిల్లీలీటర్లు! కుక్కలకు మొదటిసారి గ్రూపు కలవకపోయినా చాలావరకు గండం ఉండదట. పిల్లికైతే పరీక్ష లేకుండా చుక్క కూడా ఎక్కించకూడదట.

డబ్బు ఇవ్వబోతే, భీముడికి రెండు ఉడికించిన గుడ్లు చాలన్నారు. చిట్టి ఇంకా మాత్రలు మింగుతోంది, మోతాదు మెల్లగా తగ్గిస్తున్నారు. ఆ మందుతో ఆకలి పెరిగి నిన్న నా పళ్లెంలో ఇడ్లీలు లాగేసింది. గుడ్లు బాకీ ఉన్నాను. భీముడితో ఒకసారి మా ఇంటికి రండి.