మధ్యాహ్నం పూట లైబ్రరీ హాలు తెరిచి ఉంచండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మాది కోనసీమలో ఓ చిన్న ఊరు. కాలవ గట్టు పక్కన శాఖా గ్రంథాలయం ఉంది, దాని గురించే ఈ ఉత్తరం. పొద్దున 8 నుంచి 11 దాకా, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7 దాకా తీస్తారు, శుక్రవారం సెలవు. పేపర్ చదివి వెళ్లిపోయే పెద్దవాళ్లకి ఆ టైం సరిపోతుందండి, కానీ ఇప్పుడు అక్కడికి ఎక్కువగా వచ్చేది డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదివే పిల్లలు. మా అమ్మాయి కూడా వాళ్లలో ఒకత్తి, బీఈడీ చేసింది. మాది రెండు గదుల ఇల్లు, ముందు గదిలో నేను మిషన్ కుడతాను, ఆ మోటార్ సౌండు, జాకెట్లు ఇవ్వడానికొచ్చే వాళ్ల మాటలు, ఇంట్లో దానికి చదువు సాగదు, అందుకే పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని లైబ్రరీకి పోతుంది.

11 అయ్యేసరికి తాళం పడిపోతుంది. మొన్న ఫాల్స్ తెద్దామని బజారుకెళ్తూ చూశాను, ఐదుగురు ఆడపిల్లలు లైబ్రరీ మెట్ల మీద సన్‌షేడ్ నీడలో కూర్చున్నారు, ఎండ మెట్టు ఎక్కే కొద్దీ వీళ్లు వెనక్కి జరుగుతున్నారు, చివరికి తలుపుకి వీపు ఆనించేశారు. ఒకమ్మాయి పైకి చదువుతుంటే మిగతా నలుగురు వింటూ రాసుకుంటున్నారు, ఎందుకంటే ఆ గైడు ఒక్కళ్లే కొనుక్కున్నారు. 4 దాకా రోజూ ఇంతేనంట. మా అమ్మాయి ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. మగపిల్లలయితే టీ కొట్టు దగ్గరో గుడి అరుగు మీదో కూర్చుంటారు, ఆడపిల్లలు ఎక్కడికెళ్తారు చెప్పండి. మంచినీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని నీళ్లు కూడా తాగట్లేదంటండి, అది విన్నాక నాకు ఆ రోజు పని మీద మనసు నిలవలేదు.

లైబ్రేరియన్ గారిని నేనేమీ అనట్లేదు. ఒక్క మనిషి, రెండు ఊళ్ల లైబ్రరీలు చూసుకుంటున్నారు. పోయిన వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేశాక పిల్లలకి ఈత కూడా లేక రోడ్ల మీద తిరుగుతుంటే ఆయనే చాప పరిచి కథల పుస్తకాలు చదివించారు, మా చిన్నాడు ఓ పుస్తకం ఇంటికి తెచ్చి నేను కాజాలు కుట్టుకుంటుంటే పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాడు. అంత చేసే మనిషికి ఓ అసిస్టెంట్‌ని ఇస్తే ఏం పోతుంది?

డబ్బుల్లేవంటారు. ఇంటి పన్ను రశీదు చూడండి, లైబ్రరీ సెస్ అని వేరేగా రాసుంటుంది. 1960 గ్రంథాలయాల చట్టం పెట్టిన పన్ను అది, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు, పంచాయతీలు మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. అలా కట్టకుండా బకాయిలు పెట్టేస్తున్నారని పేపర్లలో ఎన్నిసార్లు చదివామో. మేం మాత్రం ఏటా కడుతూనే ఉన్నాం కదండీ.

గ్రంథాలయోద్యమ పితామహుడని చెప్పుకునే అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టిన కొంకుదురు మన గోదావరి గడ్డ మీదదే. అటు కృష్ణా డెల్టాలో అయితే 1935లోనే కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవలో లైబ్రరీ నడిపారు, జనం పడవ మీద పోతారు కాబట్టి పుస్తకాలు కూడా పడవెక్కించారు, అంటే చదివేవాళ్ల వీలు చూశారు. అప్పుడు అంత చేసినవాళ్లున్న చోట ఇప్పుడు కట్టిన బిల్డింగ్‌కి మధ్యాహ్నం తాళం తియ్యలేమా?

అర్జీ రాసి అందరి సంతకాలతో పై ఆఫీసులో ఇచ్చాం, మూడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. కొత్త పుస్తకాలు, కంప్యూటర్లు తర్వాత సంగతి. 11 నుంచి 4 దాకా పుస్తకాలు ఇవ్వకపోయినా పర్లేదు, హాలు తెరిచి, ఫ్యాన్ వేసి, వెనక బాత్రూమ్ తాళం కూడా తీసి ఉంచమనండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, కోనసీమ