‘సంపూర్ణ కథ’ ముద్రపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ‘నిసెకోయి’ అనిమే (జపాన్ యానిమేషన్ ధారావాహిక) పరిచయంలోని తప్పుల గురించి.

అయ్యా,

మీ వీడియో యాప్‌కు ఏడాది చందా కట్టి చూస్తున్నవాడిని. మీ జాబితాలో ‘నిసెకోయి’ బొమ్మ మీద ‘సంపూర్ణ కథ’ అని ఉంటే నమ్మి మొదలుపెట్టాను. 2014లో వచ్చిన మొదటి సీజన్ 20 ఎపిసోడ్లు, 2015లో వచ్చిన రెండోది 12. మీ దగ్గర ఎపిసోడ్లు తగ్గాయని నేను అనడం లేదు. టీవీ అనిమే అక్కడితోనే ఆగిపోయింది. దీనికి మూలమైన, నావోషి కోమి గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) మాత్రం 2016 దాకా సాగి, 229 అధ్యాయాలతో ముగిసింది. ఆ ముగింపు అనిమేలోకి రానే లేదు. కథానాయకుడు రాకు మెడలోని లాకెట్ చివరి ఎపిసోడ్‌లో కూడా తెరుచుకోదు. దాన్ని తెరిచే తాళంచెవి ఎవరిదన్నదే కదా కథకు ముడి! అటువంటప్పుడు సంపూర్ణం ఎలా అయింది?

రెండో తప్పు ఇంతకంటే ఘోరం. అదే పరిచయంలో రాకు చివరికి ఎవరిని పెళ్ళి చేసుకుంటాడో పేరుతో సహా రాసిపెట్టారు. లేని ముగింపును ఉందని చెప్పి అమ్మడం ఒకటి, దాన్ని ముందే బయటపెట్టడం మరొకటి. రెండూ కలిపి చేయడానికి ప్రత్యేకమైన నేర్పు కావాలి. ఆ పేరు ఈ లేఖలో నేను రాయడం లేదు. మీ కార్యాలయంలో ఇంకా చూడనివారు ఉండవచ్చు.

‘ఇలాంటి కథల్లో చివర ఏమవుతుందో అందరికీ తెలిసిందే’ అని మీ ప్రతినిధి ఫోనులో అన్నారు. తెలియదండీ. రాకు యాకూజా (జపాన్ నేరముఠా) నాయకుడి కొడుకు, చితోగె ఎదుటి ముఠా నాయకుడి కూతురు. ముఠాల మధ్య యుద్ధం రాకుండా ఉండాలంటే మూడేళ్ళపాటు ప్రేమికులుగా నటించాలని తండ్రులు తేల్చేస్తారు. మొదటిసారి ఇద్దరూ షికారుకు వెళ్ళినప్పుడు వెనకాల ముఠా మనుషులు నక్కి నక్కి చూస్తుంటారు. చితోగె ముఠాలోని కళ్ళజోడు క్లాడ్ అనుమానం సరేసరి. సరిగ్గా అప్పుడే, రాకు నిజంగా ఇష్టపడే ఒనోదెరా ఎదురుపడుతుంది. ఆమెతో నిజం చెప్పేయాలని రాకుకు ఉంటుంది, చెబితే ఊరు తగలబడుతుంది. ఆ ఒక్క సన్నివేశంలో రాకు ముఖం చూడండి. నవ్వూ జాలీ కలిసి వస్తాయి. పెళ్ళి నాటకాలు మన సినిమాల్లో బోలెడు చూశాం కానీ, నాటకానికి ఇంత గట్టి కారణం ఉన్నవి తక్కువ.

రెండో సీజన్‌లో ఆ భయం పలచబడిన మాట నిజమే. ఒనోదెరా చెల్లెలు హారు లాంటి కొత్తవాళ్ళు వచ్చేకొద్దీ, నాటకం బయటపడితే యుద్ధమన్న సంగతి చాలాసార్లు ఎవరికీ గుర్తుండదు. తీరిక లేని తల్లి హానాతో చితోగెకు మాట కలిసే ఎపిసోడ్లు మాత్రం నాకు చాలా నచ్చాయి. అక్కడ నటన పక్కకు పోయి, రాకు ఆమె కోసం నిజంగానే కష్టపడతాడు. ఎవరిని ఎంచుకుంటాడో తెలియకుండా చూస్తేనే ఆ భాగం గుండెకు తగులుతుంది. మీ పుణ్యమా అని నేను అంతా తెలిసే చూశాను.

ఇంకొక చిన్న విషయం. ఎపిసోడ్ అయిపోగానే మీ యాప్ తరువాతి దానికి దూకుతోంది. మొదటి సీజన్ ముగింపు పాటలను కథానాయికలకు గొంతునిచ్చిన నటీమణులే పాడారు. చితోగె పాట నావో తోయామాది, ఒనోదెరా పాట కానా హనాజావాది. పాట మొదలవగానే రిమోట్ వెతుక్కోవలసి వస్తోంది.

కాబట్టి ‘సంపూర్ణ కథ’ అన్న మాట తీసివేసి ‘32 ఎపిసోడ్లు’ అని రాయండి. పెళ్ళి వాక్యాన్ని వెంటనే తొలగించండి. ముగింపు పాట పూర్తిగా వినే సదుపాయం కల్పించండి. ఆ ముద్ర చూసే చందా కట్టాను కనుక, మిగిలిన నెలల సొమ్ము వాపసు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అన్న జవాబు ఇప్పటికే అందింది, మళ్ళీ పంపనవసరం లేదు.

ఇట్లు,
మీ చందాదారుడు