పాదం మీద చెయ్యి పెట్టి పడుకోమన్న ఆవిడకి

పాప పుట్టి ఈ రోజుకి 47 రోజులు. నిన్న రాత్రి వరసగా నాలుగున్నర గంటలు పడుకున్నాను. లేవగానే గుండె గుభేలుమంది, పరుగెత్తి పాప ఊపిరి విన్నాక గాని కుదుటపడలేదు. ఆ తర్వాత నేలమీదే కూర్చుని ఏడ్చాను, ఎందుకో నాకే తెలీదు. మళ్ళీ బుర్ర మొద్దుబారక ముందే ఇది రాసేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

థాంక్స్ చెప్పాల్సింది ఒకావిడకి. పేరు తెలీదు. ఆరు వారాల టీకాకి వెళ్ళిన రోజు నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ, అంతే.

అప్పటికి నా పరిస్థితి ఏమిటో చెప్పాలి. పుట్టిన పిల్లలు రోజుకి 14 నుంచి 17 గంటలు పడుకుంటారని కడుపుతో ఉన్నప్పుడు చదివాను. అబ్బో, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ గంటలన్నీ నిజంగానే ఉన్నాయండీ, కాకపోతే చిల్లర రూపంలో ఉన్నాయి. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు. ఒక్కోసారికి అరగంట, ముప్పావుగంట. తర్వాత భుజాన వేసుకుని తేన్పు రప్పించాలి, గుడ్డ మార్చాలి, జోకొట్టాలి. ఇదంతా అయ్యాక నా కన్ను మూతపడుతుందనగా తొట్టిలోంచి "ఊఁ" అని చిన్న మూలుగు. దిగ్గున లేచి ఎత్తుకోవడం. దానికి పగలేదో రాత్రేదో తెలీదు. ఆ తేడా ఒంటికి పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుందట.

"పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని చెప్పనివాళ్ళు లేరు. చెప్పడానికేం. పాప పడుకుంటే నా చెవులు పడుకోవు కదా.

ఆ రోజు తొమ్మిదింటికి రమ్మన్నారు. పదకొండు దాటినా పిలవలేదు. మా ఆయన సెలవు రెండో వారంలోనే అయిపోయింది, అమ్మకి జ్వరం, నేనొక్కదాన్నే వెళ్ళాను. పాప ఒళ్ళో నిద్రపోతోంది. నేనూ తూగాను. ఎంతసేపో తెలీదు. కళ్ళు తెరిచేసరికి పాప తల కింద నా చెయ్యి కాక ఇంకో చెయ్యి ఉంది. నా చెయ్యి ఎప్పుడో జారిపోయింది. పక్కావిడ తన అరచేతిని పాప తల కింద ఆన్చి, కదిలితే మేమిద్దరం లేస్తామని అలాగే వంగి కూర్చుంది.

నేను గాభరాగా సర్దుకుని సారీ సారీ అంటుంటే ఆవిడ అడిగింది: "నువ్వు పడుకుని ఎన్నాళ్ళయిందమ్మా?"

ఆ ఆరు వారాల్లో నన్ను ఎంతమంది పలకరించారో లెక్కలేదు. పాప పడుకుంటోందా, పాప పాలు తాగుతోందా, పాప బరువు పెరిగిందా. నువ్వు పడుకున్నావా అని ఒక్కరు అడగలేదు. నాకు జవాబు రాలేదు, ఏడుపొచ్చింది. అందరి ముందూ, వెక్కి వెక్కి.

అప్పుడు, ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పేశాను. 38వ రాత్రి సోఫాలో కూర్చుని పాలిస్తూ నిద్రపోయాను. పాపని దాని తొట్టిలో, గట్టి పరుపు మీద, వెల్లకిలా, పక్కన దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలని నాకు తెలుసు. సోఫాలో పాపతో నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదమనీ తెలుసు. తెలిసినా లేచి నాలుగడుగులు వేసే ఓపిక లేకపోయింది. మెలకువ వచ్చేసరికి పాప నా మోచేతికీ దిండుకీ మధ్య జారి ఉంది. ముఖం పక్కకి తిరిగి ఉండబట్టి బతికిపోయాం. ఇది టైపు చేస్తుంటే ఇప్పటికీ వేళ్ళు వణుకుతున్నాయి.

ఆవిడ అయ్యో అనలేదు, తిట్టలేదు. "సరే, నాకు చెప్పావు. ఇంటికెళ్ళి మీ ఆయనకి కూడా చెప్పు" అంది. తర్వాత పాపని తన ఒళ్ళోకి తీసుకుని, నా చెయ్యి పట్టుకుని పాప పాదం మీద పెట్టింది. "ఇలా పట్టుకుని పడుకో. నేను లేచినా కదిలినా నీకు తెలిసిపోతుంది. నిన్ను పిలిస్తే నేను లేపుతాను."

ముక్కూమొహం తెలియనివాళ్ళ ఒళ్ళో పిల్లని పెట్టి నిద్రపోతావా అని తర్వాత మా వాళ్ళు నన్ను ఝాడించేశారు. నిజమే, ఇంకెవరినీ అలా చెయ్యమని నేనూ అనను. కాని ఆ పాదం నా గుప్పిట్లో ఉంది, వెచ్చగా. గోడకి తల ఆన్చాను, అంతే గుర్తుంది.

గంటా పది నిమిషాలు పడుకున్నానట.

లేచాక ఆవిడ చెప్పింది: "మూడుసార్లు మూలిగింది, ముఖం ముడుచుకుంది, కాళ్ళు తన్నింది. నేనేం చెయ్యలేదు. మళ్ళీ తనే పడుకుంది." నేను నోరు తెరిచి చూస్తుంటే "కదిలినప్పుడల్లా ఎత్తకు తల్లీ, ఒక్క నిమిషం ఆగి చూడు. ఏడిస్తే అప్పుడు ఎత్తు" అంది. లోపల డాక్టరమ్మని అడిగితే ఆవిడా అదే మాట. ఈ వయసులో నిద్రలో దాదాపు సగం ఇలా కదిలే నిద్రే. రెప్పల కింద కళ్ళు తిరుగుతాయి, మూలుగుతారు, నవ్వుతారు కూడా. అది మెలకువ కాదు. అంటే ఆరు వారాలుగా నిద్రపోతున్న పిల్లని నేనే ఎత్తుకుని లేపుతున్నానన్నమాట!

టీకా అయ్యి బయటికొచ్చేసరికి ఆవిడ లేదు. ల్యాబ్ దగ్గర కుర్రాడు చెప్పాడు, ఆవిడ నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిందట, పరగడుపున ఇచ్చే రక్తపరీక్షకి. నేను పడుకున్నప్పుడు ఆవిడ పేరు రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ తర్వాత వస్తానని చెయ్యి ఊపింది. చివరికి వెళితే శాంపిల్ తీసుకునే టైము అయిపోయింది, రేపు మళ్ళీ ఏమీ తినకుండా రండి అన్నారట. రాత్రంతా నిద్రలేదు, కడుపులో ఏమీ లేదు. అలాంటి మనిషి నన్ను పడుకోమంది.

ఇక్కడొక మాట అనకుండా ఉండలేను. మాకిచ్చిన ఫైల్లో పాప బరువు, పొడవు, తల చుట్టుకొలత, టీకాల తేదీలు, రోజుకి ఎన్నిసార్లు తడపాలి, అన్నీ ఉన్నాయి. తల్లి నిద్ర గురించి ఒక్క గడి లేదు. కాన్పయ్యాక వచ్చే దిగులు, ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలని నాకు 42వ రోజున తెలిసింది, అదీ నేను అడిగితే. డిశ్చార్జి రోజున సంతకాలు పెట్టించుకోవడానికి ఉన్న తీరిక ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఉండదా? మా ఆయనది లాంటి ఉద్యోగాల్లో తండ్రికి రెండు వారాలే సెలవిస్తే మిగతా రాత్రులు ఎవరు మేలుకోవాలి? ఒకాయన కౌంటర్లోంచి "టైము అయిపోయిందమ్మా" అంటే ఎవరి టైము, ఏ టైము? పోన్లెండి, కోపం వస్తే పాలు తగ్గుతాయని భయపెట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ సాయంత్రం మా ఆయనకి సోఫా సంగతి చెప్పాను. మనిషి చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచే వంతులు వేసుకున్నాం. తొమ్మిదిన్నరకి పాలిచ్చి నేను వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటాను. రెండింటి వరకు పాప ఆయనది, మధ్యలో ఆకలేస్తే పిండి ఉంచిన పాలు పడతాడు. రెండు దాటాక నాది. మొదటి మూడు రాత్రులు తలుపు వెనక చెవి పెట్టుకునే గడిపాను. నాలుగో రాత్రికి ఒళ్ళు లొంగింది. నిన్నటిది ఐదోది.

మా ఆయన, అమ్మ, అత్తయ్య, మీకు విడిగా చెప్పేదేముంది, తెలుసు కదా.

అయ్యో, నాలుగో రోజున పాప నోరు సరిగ్గా పట్టించడం నేర్పిన నర్సుగారిని మర్చిపోయాను, అమ్మా, మీరు లేకపోతే పాలే లేవు. ఆ ల్యాబ్ కుర్రాడికి కూడా. పొద్దున మీటింగుల్లోంచి మా ఆయన్ని తప్పించిన వాళ్ళ టీంలో అమ్మాయికి. పాప పడుకునే వేళకి డ్రిల్లింగ్ ఆపించిన పై వాటావాళ్ళకి, మొన్న మీ తలుపు కొట్టి అరిచింది నేనే, క్షమించండి.

ఆవిడ ముదురు నీలం స్వెట్టర్ వేసుకుంది, కళ్ళజోడు ఒకవైపు కాడకి దారం కట్టి ఉంది. ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. మర్నాడు ఆ పరీక్ష అయిందా లేదా అని అడగాలి.