గోడలు పగలగొట్టించకండి నాన్నా

టూసాన్, అరిజోనా

నాన్నకు, అమ్మకు నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. రెండు బాత్రూమ్‌లూ పగలగొట్టి పైపులన్నీ కొత్తవి వేస్తేగానీ నీళ్ళ ఖర్చు తగ్గదని ప్లంబర్ అన్నాడట, అమ్మ ఫోన్‌లో చెప్పింది. అతనికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదవండి. గోడల్లో ఎక్కడా తడి కనిపించడం లేదని మీరే అన్నారు కదా. అలాంటప్పుడు మన ఇంట్లో నీళ్ళూ కరెంటూ పోయేది బయటికి కనిపించే నాలుగైదు చోట్లే. ఒక పానా, స్క్రూడ్రైవర్, టెఫ్లాన్ టేపు ఉంటే వాటిలో చాలావరకు మనమే బాగుచేసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది ఇలాంటి పనులు సొంతంగానే చేసుకుంటారు. కూలి ఎక్కువ, పైగా ఇది ఎడారి. కొలరాడో నది నీళ్ళు 540 కిలోమీటర్ల కాలువలో ఈ ఊరికి వస్తాయి. మన హంద్రీ-నీవాకి శ్రీశైలం నీళ్ళు ఎత్తిపోసినట్టే, ఇక్కడా దారి పొడవునా పంపులు పెట్టి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు తోస్తారు. అరిజోనా రాష్ట్రం మొత్తంలో చాలా ఎక్కువ కరెంటు వాడేవాటిలో ఆ కాలువ ఒకటి. మన ఇంట్లోనూ అంతే కదా, బోరు మోటారుకి ఒకసారి, సంపులోంచి మిద్దె మీదికి ఎక్కించడానికి ఇంకోసారి కరెంటు కావాలి. నీళ్ళు మిగిలితే బిల్లూ తగ్గుతుంది.

ముందు ఫ్లష్ ట్యాంకు చూడండి. రాత్రి పడుకునే ముందు మూత తీసి, చిటికెడు మిఠాయి రంగు వేసి, పావుగంట ఎవరినీ ఫ్లష్ చేయనివ్వకండి. ఆ తర్వాత కమోడ్‌లో రంగు కనిపిస్తే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు పోయినట్టే. మా ఇంట్లో అలాంటి పాత రబ్బరును పట్టుకుంటే వేళ్ళకు కాటుకలా నల్లగా అంటుకుంది. క్లోరిన్ నీళ్ళలో ఏళ్ళ తరబడి నానితే అది గట్టిపడి వంకర తిరుగుతుంది. నీళ్ళు అంచు వెంబడి చప్పుడు లేకుండా జారిపోతుంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. మార్చడం సులువే: యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్ళు వదిలే గోడ దగ్గరి చిన్న వాల్వు) కట్టేసి, ఉన్న నీళ్ళు ఫ్లష్ చేసి, పాతది ఊడదీసి షాపుకు తీసుకెళ్ళి అదే సైజుది తెచ్చుకోండి. కొత్తది పెట్టే ముందు అది కూర్చునే చోట పేరుకున్న తెల్ల గారను పీచుతో బాగా రుద్దండి. గార ఉంటే కొత్త రబ్బరు కూడా కారుతుంది. అలాగే బాల్ కాక్‌ని, అదే ట్యాంకు నిండగానే నీళ్ళు ఆపే తేలే బంతిని, కొంచెం దించి, నీళ్ళు ఓవర్‌ఫ్లో గొట్టం పై అంచుకు ఒక అంగుళం కిందే ఆగేలా చూడండి.

పెరట్లో కారే కుళాయికి వాషర్ వెంటనే మార్చండి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా ఏడాదికి దాదాపు 11 వేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్లు.

కుళాయి మూతికి బిగించే జాలీ, అదే ఏరేటర్, నీళ్ళలో గాలి కలిపి ధార తగ్గిస్తుంది. 2024లో బెంగళూరులో నీటి ఎద్దడి వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్లకు, హోటళ్ళకు ఇవి తప్పనిసరి చేశారు. ఇక్కడి నుంచి పంపమనకండి, మరలు మన కుళాయిలకు సరిపోకపోవచ్చు. వంటింటి కుళాయికీ, కింది వాష్‌బేసిన్‌కీ పెట్టించండి. మన బోరు నీళ్ళకు వాటిలో గార చేరుతుంది కాబట్టి నెలకోసారి విప్పి చింతపండు పులుసులో నానబెట్టండి. మేడ మీది బాత్రూమ్‌కి మాత్రం వద్దు. ఇక్కడి ఇళ్ళల్లో నీళ్ళ ఒత్తిడి సుమారు 4 బార్ ఉంటుంది. మనకు ట్యాంకులో నీళ్ళ మట్టం కుళాయి కంటే ఒక మీటరు పైన ఉంటే వచ్చేది 0.1 బారే. అక్కడ ఏరేటర్ పెడితే నీళ్ళు సన్నగా కారతాయి, అమ్మ విసుక్కుంటుంది.

పెద్ద షవర్ పెట్టిస్తానని కూడా ప్లంబర్ అన్నాడట కదా, అది అసలే వద్దు. ఇక్కడ పొదుపు షవర్ అని ముద్ర వేసినదే నిమిషానికి 7.6 లీటర్ల దాకా పోస్తుంది. ఎనిమిది నిమిషాలు స్నానం చేస్తే 60 లీటర్లు. మీ స్నానం ఒక్క బకెట్‌తో అయిపోతుంది.

ఇక వేడినీళ్ళు. మిద్దె మీది సోలార్ హీటర్ నుంచి కింది బాత్రూమ్ దాకా పైపు 15 మీటర్లయినా ఉంటుంది. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు చొప్పున, వేడినీళ్ళు అందేలోపు నాలుగు లీటర్లు చల్లవి పోతాయి. వాటిని బకెట్‌లో పట్టి మొక్కలకు పోయండి. ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకు తొడిగే నల్ల ఫోమ్ ఉంటుంది, దాన్ని నిలువునా చీల్చి ఆ పైపుకు తొడిగితే వేడి అంత తొందరగా చల్లారదు. ఎండకు అది పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి పైన అల్యూమినియం టేపు చుట్టాలి. ఈ పని కోసం మీరు నిచ్చెన ఎక్కకండి, తమ్ముడు వచ్చాక చేయించండి.

వానాకాలంలో గీజర్ వాడేటప్పుడు 60 డిగ్రీలకు మించనివ్వకండి. 15 లీటర్లు అంత వేడి కావడానికి సుమారు 0.6 యూనిట్ పడుతుంది. స్నానం అయ్యాక ఆపేయండి. లోపలి సర్దుబాటు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మూత మీరు విప్పవద్దు.

ముందు రంగు వేసి చూసి, ఆదివారం ఫోన్‌లో చెప్పండి. ఫ్లష్ ట్యాంకు లోపలి ఫోటో తమ్ముడిని తీసి పంపమనండి, ఏ రబ్బరు కావాలో ఇద్దరం కలిసి చూద్దాం. ప్లంబర్‌కి మాత్రం అప్పటిదాకా మాటివ్వకండి.

మీ అమ్మాయి