నా డా పొట్టిగా ఉందని చెప్పిన మాస్టారికి

ఈ రోజు మధ్యాహ్నం రెండున్నరకు, ఆఫీసులో మూడు నెలల లెక్కలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సొంత రేడియో మీద దూరాలతో మాట్లాడే అభిరుచి) జనరల్ గ్రేడు పరీక్షలో నేను ఉత్తీర్ణురాలినయ్యానన్న కబురు తెలిసింది. ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాటింది. రెండు రాత్రులుగా సరైన నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయినా ఈ మాటలు రాయకుండా పడుకోలేకపోతున్నాను. సాయంత్రం నాంపల్లిలో ఒక చిన్న స్టేషనరీ దుకాణం మెట్ల మీద కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న స్పృహ కూడా లేకుండా ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మావారు, మా అమ్మాయి, మా అత్తయ్య ఈ ఎనిమిది నెలలూ ఆలస్యమైన వంటనూ, తెల్లవారుజామున నా మోర్స్ సాధన టకటకలనూ ఓర్చుకున్నారు. వారికి నా కృతజ్ఞత తెలుసు. నేను రాయవలసినది ఇంటిపేరు కూడా తెలియని ఒక పెద్దాయన గురించి.

మూడేళ్ల కిందట మా అమ్మాయి బడిలో హ్యామ్ రేడియో ప్రదర్శన పెట్టారు. పిల్లలు అయిదు నిమిషాలు చూసి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు కాని, నేను అక్కడే నిలబడిపోయాను. సెల్‌ఫోను టవరు లేదు, ఇంటర్‌నెట్ లేదు. ఒక తీగ, ఒక చిన్న పెట్టె ఉన్నాయి, అందులోంచి బెంగళూరులో కూర్చున్న మనిషి గొంతు వస్తోంది. ఆ రోజు నుంచి నాకు ఇదే ధ్యాస. అయితే ఖరీదైన విదేశీ రేడియోలు కొనే స్తోమత మాకు లేదు. మన హైదరాబాదుకే చెందిన అష్హర్ ఫర్హాన్ గారు మామూలు విడిభాగాలతో ఎవరైనా కట్టుకోగలిగేలా బిట్‌ఎక్స్ రేడియోను రూపొందించి, దాని సర్క్యూటును అందరికీ బాహాటంగా ఇచ్చి ఉండకపోతే, నాలాంటి అకౌంట్స్ గుమాస్తా ఈ రంగం గడప తొక్కేదే కాదు. ఆయన డిజైనుతో 2016లో వచ్చిన బిట్‌ఎక్స్ 40 బోర్డు ఒకటి నాకు వాడినది చవకగా దొరికింది. పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీ, ఇంట్లో వైరింగుకు వాడే రాగి తీగను రెండు పది మీటర్ల ముక్కలుగా కోసి మేడ మీద కట్టుకున్న డైపోల్ యాంటెన్నా, ఒక పీవీసీ పైపు, నైలాన్ తాడు, ఇదే నా స్టేషను మొత్తం.

దాని శక్తి ఏడు వాట్లు. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు తినే కరెంటు అది. అంత తక్కువ శక్తితో మాట్లాడితే నగరపు రొదలో మాట మునిగిపోతుంది. వందసార్లు పిలిస్తే నాలుగుసార్లు జవాబు వచ్చేది. డిట్ అనే పొట్టి శబ్దంతో, డా అనే పొడుగు శబ్దంతో అక్షరాలు కూర్చే మోర్స్ కోడ్ సంగతి వేరు. రేడియో తరంగాల పట్టీలో మాటకు రెండు వేల అయిదు వందల హెర్ట్జ్ దాకా చోటు కావాలి, మోర్స్‌కు కొన్ని వందల హెర్ట్జ్ చాలు. ఉన్న ఏడు వాట్లూ ఆ సన్నని సందులోనే పోగుపడతాయి, చెవి కూడా ఆ ఒక్క స్వరాన్ని రొదలోంచి పట్టుకోగలదు. తక్కువ డబ్బున్నవాళ్లు దూరం వెళ్లాలంటే దారి మోర్సే అని నాకు అర్థమైంది. కోఠి గుజరాతీ గల్లీలో స్వరం పుట్టించడానికి ఒక 555 ఐసీ చిప్పు, చిన్న స్పీకరు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ కొనుక్కుని సాధన పెట్టె చేసుకున్నాను. హాక్సా బ్లేడు ముక్కను చెక్కకు బిగించి మోర్స్ కొట్టే మీట తయారుచేసుకున్నాను. అన్నీ ఉన్నాయి, చెవికి మాత్రం పట్టుబడలేదు. జనరల్ గ్రేడు మోర్స్ పరీక్షలో ఒకసారి తప్పాను కూడా.

పోయిన ఆషాఢంలో, బోనాల రోజుల్లో, చందానగర్ నుంచి నాంపల్లికి ఎంఎంటీఎస్‌లో వెళుతూ, ఒడిలో ఉన్న స్టీలు టిఫిన్ డబ్బా మీద ఉంగరంతో అక్షరాలు కొట్టుకుంటున్నాను. భరత్‌నగర్‌లో ఎక్కి నా ఎదుట కూర్చున్న పెద్దాయన చాలాసేపు నా వేలినే చూశారు. బేగంపేట దగ్గర, ముందుకు వంగి, ఎంతో మర్యాదగా, "ఏమీ అనుకోకమ్మాయ్, నీ డా పొట్టిగా ఉంది," అన్నారు.

ఆయన రైల్వేలో సిగ్నలరుగా చేరి, కేసముద్రం, నెక్కొండ లాంటి చిన్న స్టేషన్లలో ఏళ్ల తరబడి తంతి మీట నొక్కి, స్టేషను మాస్టరుగా పదవీ విరమణ చేశారట. అందుకే నేను ఆయనను మాస్టారని పిలుస్తాను. దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. రైల్వేలో ఆ మీటల పని అంతకు చాలా ముందే తీరిపోయింది. ఆ తరువాత మోర్స్ కొట్టే మనిషిని చూడటం అదే మొదటిసారని అన్నారు.

డా ఎందుకు పొట్టిగా ఉందో ఆయన అడిగారు, నేను చెప్పాను. బడిలో మా తెలుగు టీచరు పద్యానికి గణవిభజన చేయించేటప్పుడు లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని నేర్పారు. డిట్ లఘువు, డా గురువు అని నాకు నేనే సరిపెట్టుకుని, రెండేళ్లుగా ప్రతి డానూ రెండు మాత్రల నిడివితోనే కొడుతున్నాను. మాస్టారు అది విని నవ్వలేదు. "ఆలోచన మంచిదేనమ్మా, కాని ఇక్కడ గురువుకు మూడు మాత్రలు," అని చెప్పి, అక్షరం లోపలి ఎడం ఒక మాత్ర, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు అని నా డబ్బా మీద కొట్టి చూపించారు. ఈ కొలతలు నేను పుస్తకంలో చదివినవే. చదివినది చేతికి దిగలేదని ఆ రోజే తెలిసింది.

మరునాటి నుంచి మాకు భరత్‌నగర్ నుంచి నాంపల్లి దాకా పాఠం. ఆయన అల్లుడికి నాంపల్లిలో స్టేషనరీ దుకాణం ఉంది. అక్కడ అమ్ముడుపోకుండా మిగిలిన పోయినేటి డైలీ క్యాలెండర్ల కాగితాల వెనుక, రోజుకొకటి చొప్పున, రెండు వందల అక్షరాల పాఠం ఆయన వణుకుతున్న చేత్తో రాసుకుని వచ్చేవారు. పరీక్షలో నిమిషానికి 8 పదాల వేగంతో అయిదు నిమిషాలు, అంటే పదానికి అయిదు అక్షరాల లెక్కన సరిగ్గా రెండు వందల అక్షరాలు అందుకోవాలి, అయిదుకు మించి తప్పులు పోకూడదు అని నేను చెప్పిన మరునాటి నుంచి ఆయన అక్షరాలు లెక్కపెట్టి రాయడం మొదలుపెట్టారు. ఆ పాఠాల నిండా స్టేషన్ల పేర్లే. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, ఘన్‌పూర్, కాజీపేట. బీబీనగర్ అన్న పేరును ఇంగ్లీషు అక్షరాలలో కొడితే డా డిడిడిట్, డిడిట్, డా డిడిడిట్, డిడిట్ అని మొదలవుతుంది. దానిని చుక్కలుగా లెక్కపెట్టకుండా ఒక్క ఊపుగా వినాలని, ఊరి పేరు విన్నట్టు వినాలని ఆయన పట్టుబట్టారు. నాకు బి అక్షరానికీ ఆరు అంకెకూ, హెచ్ అక్షరానికీ అయిదు అంకెకూ తేడా తెలిసేది కాదు, ఒక్క చుక్కే తేడా కాబట్టి. ఆ నాలుగింటి కోసం మూడు వారాలు కేటాయించారు. అక్షరాన్ని వేగంగా కొట్టి, అక్షరాల మధ్య ఎడాన్ని మాత్రం సాగదీసేవారు. రేడియో వాళ్లు దానిని ఫార్న్స్‌వర్త్ పద్ధతి అంటారని నేను చెబితే, ఆ పేరు ఎన్నడూ వినలేదని, నెక్కొండలో తనకు పని నేర్పిన పెద్దలు అలాగే నేర్పారని అన్నారు.

అన్నిటికంటె ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది. తప్పిపోయిన అక్షరాన్ని వదిలెయ్యి, గీత పెట్టి ముందుకు పో, దాని కోసం వెనక్కి చూస్తే వచ్చే మూడూ పోతాయి అని. మొదటిసారి నేను పరీక్ష తప్పింది సరిగ్గా అలాగే.

పరీక్ష రోజు నేను ఆయనకు తేదీ చెప్పాను, అంతే. పరీక్ష ముగించుకుని ఒంటిగంటకు బయటికి వస్తే, గేటు పక్కన వేపచెట్టు కింద కుర్చీలో, ఒడిలో చేతిసంచితో మాస్టారు కూర్చుని ఉన్నారు. రెండు బస్సులు మారి ఉదయం తొమ్మిదింటికే వచ్చారట. ఎలా రాశావని గాని, ఎన్ని తప్పులు పోయాయని గాని అడగలేదు. "మధ్యలో ఆగలేదు కదా?" అన్నారు. ఆగలేదని చెప్పాను. సంచిలోంచి పెరుగన్నం డబ్బా తీసి ఇచ్చారు.

ఈ సాయంత్రం ఫలితం చెబుదామని, అర కిలో మిఠాయి తీసుకుని దుకాణానికి వెళ్లాను. మాస్టారు అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. ఆయన అల్లుడు మిఠాయి అందుకుని, "మామయ్య మీ గొంతు కూడా సరిగా వినలేరు కదండీ, మీరు కొట్టేది ఎలా వినేవారా అని మాకు ఆశ్చర్యం," అన్నారు. ఆయనకు కుడి చెవి ఎన్నో ఏళ్లుగా పూర్తిగా పోయిందట, ఎడమ చెవి సగమే పనిచేస్తుందట. ఎనిమిది నెలలు ఎదురెదురుగా కూర్చుని కూడా నాకు తెలియలేదు. మొదటి రోజు ఆయన నా వేలిని చూసి చదివారు. ఆ తరువాత ప్రతి రోజూ నా టిఫిన్ డబ్బా అడుగున అరచెయ్యి ఆనించి పెట్టేవారు. రైలు కుదుపుకు డబ్బా జారకుండా పట్టుకుంటున్నారని నేననుకున్నాను. ఆయన నా అక్షరాలను అరచేతితో విన్నారు. అల్లుడు ఈ మాట చెప్పగానే నేను ఆ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయన రాసిన క్యాలెండరు కాగితాలు 143 నా దగ్గర ఉన్నాయి, ఇప్పుడు బల్ల మీద నా ఎదుటే ఉన్నాయి. రేపు పొద్దున రైల్లో ఆయనకు ఏమని చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇంత రాసిన తరువాత ఒక బాధ కూడా చెప్పక తప్పదు. జనరల్ గ్రేడు కంటె కింది మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్ష పాసైన తరువాత నా మొదటి లైసెన్సు చేతికి రావడానికి 14 నెలలు పట్టింది. ఒకసారి పంపిన కాగితాలనే మూడుసార్లు అడిగారు. ఫోను చేస్తే ఎత్తేవారు లేరు, ఉత్తరానికి జవాబు లేదు, దరఖాస్తు ఎవరి బల్ల మీద ఆగిందో చెప్పే మనిషి లేడు. జనరల్ గ్రేడు పరీక్ష తేదీ తొమ్మిది రోజుల ముందు తెలిసింది. ఇప్పుడు పాసయ్యాను కాబట్టి మళ్లీ దరఖాస్తు, మళ్లీ నిరీక్షణ. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారి బృందం రేడియో మీదే కబుర్లు చేరవేసింది. విపత్తు వచ్చిన రోజున కావలసిన మనుషులు వీళ్లేనని పెద్దలందరూ అంటారు. ఆ మనుషులకు ఒక కాగితం ఇవ్వడానికి ఏడాదికి పైగా ఎందుకు పడుతుంది? మాస్టారికి ఎనభయ్యో ఏడు నడుస్తోంది. నా మొదటి మోర్స్ సంభాషణలో ఆయన నా పక్కన కూర్చుని స్పీకరు మీద చెయ్యి పెట్టాలని నా కోరిక. దానికి నా చేతిలో ఉన్నదంతా నేను చేశాను, మిగిలినది లైసెన్సు ఇచ్చే కార్యాలయం చేతిలో ఉంది.

పడుకునే ముందు మరికొందరిని తలచుకోవాలి, ఇంతసేపూ మరిచిపోయినందుకు మన్నించాలి. యాంటెన్నా కనెక్టరు ఊడిందని గమనించకుండా నేను ప్రసారం చేసి ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టరును కాల్చేసుకున్న రోజున, కొత్తదానితో పాటు, అడగకుండానే మైకా రేకు ముక్క కూడా ఇచ్చి, అది లేకుండా హీట్ సింకుకు (వేడిని లాగే లోహపు ముక్కకు) బిగించవద్దని, ట్రాన్సిస్టరు లోహపు వీపుకూ దాని కాళ్లలో ఒకటైన డ్రెయిన్‌కూ లోపల సంబంధం ఉంటుందని ఓపికగా వివరించిన గుజరాతీ గల్లీ దుకాణదారుకు కృతజ్ఞతలు. తమ మెట్ల దగ్గరి ఎల్‌ఈడీ బల్బు నా రేడియోలో బుర్రుమంటోందని చెబితే, మారుమాట లేకుండా రోజూ రాత్రి తొమ్మిది నుంచి పది వరకు దానిని ఆర్పిన మా పై అంతస్తు దంపతులకు కృతజ్ఞతలు. మేడ మీద పైపు నిలబెట్టేటప్పుడు ఎండలో గంటసేపు నిచ్చెన పట్టుకున్న మా వాచ్‌మన్ సాయిలుకు కృతజ్ఞతలు. ఆదివారాలు నా సందేహాలకు విసుక్కోకుండా జవాబులు చెప్పిన హ్యామ్ మిత్రులకు, మొదటిసారి తప్పినప్పుడు మళ్లీ రాయమని గట్టిగా చెప్పిన ఆఫీసులోని పద్మకు కూడా.

ఇంకొకరు మిగిలారు. పరీక్ష రోజున వేపచెట్టు కింద మాస్టారు కూర్చున్న కుర్చీ, గేటు దగ్గరి సెక్యూరిటీ అతనిది. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు అతను నిలబడే ఉన్నాడని మాస్టారు ఆ రోజే చెప్పారు. నేను అతని పేరు అడగలేదు.