క్యాంపుకి పిలిస్తే ఎంపికైనట్టు కాదు నాన్నా

ఎలికాట్ సిటీ, మేరీలాండ్

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని తమ్ముడు చెప్పాడు. తగ్గింది కదా అని ఫిజియోథెరపీ మాన్పించకండి, డాక్టరు చెప్పినన్నాళ్లూ చేయించండి.

మొన్న ఫోన్లో మీరు బ్యాంకు డిపాజిట్ తీసేసి మీ మనవరాలు శ్రావ్య లాక్రాస్ (చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట) క్యాంపులకు డబ్బు పంపిస్తానన్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది. వద్దు నాన్నా అని ఊరుకుంటే మొహమాటానికి అంటున్నాననుకుంటారు. అందుకని విషయమంతా తీరిగ్గా రాస్తున్నాను. ఆ డిపాజిట్ కదిలించకండి. పిల్ల చదువుకు నిజంగా అవసరం పడిన రోజున నేనే నోరు తెరిచి అడుగుతాను. క్యాంపుల కోసమైతే వద్దు.

కాలేజీ వాళ్లు క్యాంపుకి పిలిచారంటే సీటు సగం వచ్చేసినట్టేనని మీకు అనిపించడం సహజమే. మీరు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆడపిల్లల్ని ఖోఖోకి తయారు చేసిన రోజుల్లో క్యాంపంటే అదే కదా. మండలంలో నెగ్గి, జిల్లాలో నెగ్గి, రాష్ట్ర జట్టుకు పేరు వచ్చాకే కోచింగ్ క్యాంపు. తిండీ బసా వాళ్లే చూసేవాళ్లు. అక్కడ నిలబడిన పిల్ల అప్పటికే గెలిచి వచ్చిన పిల్ల. ఇక్కడ కాలేజీలు వేసవిలో పెట్టే ఈ రిక్రూటింగ్ క్యాంపులకు ఫీజు కట్టిన వాళ్లెవరైనా వెళ్లొచ్చు. వయసు, తరగతి, ఆడా మగా, మొత్తం ఎంతమంది అన్న లెక్క తప్ప ఇంకే వడపోతా పెట్టకూడదని కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనే ఉంది. ఒక్కో క్యాంపుకి కొన్ని వందల డాలర్లు, ఆపైన ప్రయాణం, హోటలు. ఆ ఫీజుల్లో కొంత అసిస్టెంట్ కోచ్‌ల రాబడి కిందికే పోతుంది. మోసమని అనను, మంచి కోచ్‌ల చేతి కింద ఒకట్రెండు రోజులు నేర్చుకోవడమంటే పిల్లలకు లాభమే. కాకపోతే మనం దేనికి డబ్బు కడుతున్నామో తెలిసి కట్టాలి.

శ్రావ్యకి వచ్చిన ఈమెయిల్ తమ్ముడు మీకు చదివి వినిపించాడుగా, "నీ ఆట మాకు బాగా నచ్చింది, మా క్యాంపస్‌కి వచ్చి మాతో ఆడు" అని. ఆ రాత్రే, స్కూలు బయట అది ఆడే క్లబ్ జట్టు పిల్లలంతా ఫోన్లలో ఒకరిది ఒకరు చూసుకున్నారు. పైన పేరొక్కటే మారింది, మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా అదే. వాళ్లలో ఒక పిల్ల మోకాలి ఆపరేషనై ఆ సీజనంతా మైదానంలోకే దిగలేదు. దానికీ "నీ ఆట బాగా నచ్చింది" అనే వచ్చింది.

అసలు ఇప్పుడే ఆ కోచ్ దీనికి సొంతంగా రాయడానికి వీల్లేదు. ఎన్‌సీఏఏ కాలేజీలను మూడు విభాగాలు చేసింది, అందులో మొదటిదైన డివిజన్ 1 కాలేజీల లాక్రాస్ కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబర్ 1 వచ్చేదాకా పిల్లలతో గానీ, కన్నవాళ్లతో గానీ రిక్రూటింగ్ ఊసెత్తకూడదు. క్యాంపు ప్రకటనలు మాత్రం పంపుకోవచ్చు. 2017లో ఈ కట్టుబాటు వచ్చింది. అంతకుముందు ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఫలానా కాలేజీకి మాటిచ్చేశామని చెప్పుకునేవాళ్లు. పద్దెనిమిదేళ్లకి తనకేం చదవాలనిపిస్తుందో పద్నాలుగేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది నాన్నా? ఆ పోటీతో విసిగిపోయి కోచ్‌ల సంఘాలే ముందుకొచ్చి ఈ నిబంధన అడిగి తెచ్చుకున్నాయి. వాళ్లు చేసిన ఈ ఒక్క పనికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. శ్రావ్య ఇప్పుడు పదో తరగతి. కాబట్టి ఈ సెప్టెంబర్ దాకా డివిజన్ 1 నుంచి ఎంత తీయటి ఈమెయిల్ వచ్చినా అది ప్రకటన కిందే లెక్క.

కిందటి వేసవిలో ఒక క్యాంపుకి తీసుకెళ్లాం. వందకు పైగా ఆడపిల్లలు, అందరికీ నంబర్లేసిన ఒకే రంగు బనియన్లు, నెత్తి మాడిపోయే ఎండ. నేను నీళ్ల డ్రమ్ము దగ్గర సీసా నింపుకుంటుంటే పక్కనే బల్ల మీద కోచ్ అట్ట కనబడింది. దాని మీది కాగితంలో కొన్ని నంబర్లు ఆట మొదలవకముందే రాసి ఉన్నాయి. తర్వాత గమనించాను, కోచ్‌ల కళ్లు రోజంతా ఆ నంబర్ల వెంటే తిరిగాయి. ఆ పిల్లలు ముందే వీడియోలు పంపి, టోర్నమెంట్లలో ఆడి, వాళ్ల కంట్లో పడినవాళ్లు. వాళ్లను దగ్గరగా ఇంకోసారి చూసుకోవడానికే ఆ క్యాంపు. కొత్తవాళ్లు అస్సలు కనబడరని చెప్పను. జాబితాలో లేని ఒక గోల్‌కీపర్ని మధ్యాహ్నం నుంచి పదే పదే పిలిచి షాట్లు వేయించి చూశారు. అలాంటిది ఎప్పుడో ఒకరికి జరుగుతుంది, దాన్ని నమ్ముకుని డిపాజిట్లు తీయకూడదు.

ఆ రోజు శ్రావ్య గోల్స్ బాగానే వేసింది, నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. వాళ్ల క్లబ్ కోచ్ మాత్రం వేరే సంగతి చెప్పింది. బంతి పోగొట్టుకున్నాక తల పట్టుకుని నిలబడుతుందా, వెంటనే వెనక్కి ఉరుకుతుందా అని చూస్తారట. బంతి తన దగ్గర లేనప్పుడు ఎక్కడికి కదులుతుంది, పక్కపిల్లకి గట్టిగా కేకేసి చెబుతుందా, నేల మీద దొర్లే బంతి కోసం ముందు ఎవరు వంగుతారు, ఇవి చూస్తారట. పరుగు ఆపకుండానే నడుం వంచి, చేటతో గింజలెత్తినట్టు స్టిక్ వలలోకి బంతిని ఎత్తుకోవాలి. చూడ్డానికి చిన్న పనే, పక్కన ఇద్దరు తోసుకొస్తుంటే ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అవుటైన పిల్ల బయటికి ఎలా నడిచొస్తుందో చూసి జట్టులో ఉంచాలా వద్దా అని మీరు తేల్చేవాళ్లు కదా, ఆ మాట వింటుంటే మీరే గుర్తొచ్చారు.

ఇక డబ్బు సంగతి. పెద్దమ్మ వాళ్లింట్లో "ఆటలో సెలెక్టయితే అమెరికాలో చదువంతా ఫ్రీ" అని అనుకుంటున్నారట. నాన్నా, ఆ మాట మీరైనా నలుగురిలో సరిదిద్దండి, రేపు పిల్ల మీద భారం పడుతుంది. మొన్నమొన్నటిదాకా డివిజన్ 1లో ఆడపిల్లల లాక్రాస్ జట్టు ఒక్కోదానికి గరిష్ఠంగా 12 పూర్తి స్కాలర్‌షిప్పుల విలువ ఇవ్వొచ్చు, అంతే. జట్టులో ముప్ఫై మందికి పైనే ఉంటారు. కోచ్ దాన్ని ముక్కలు చేసి ఒకరికి పావు, ఒకరికి సగం, ఒకరికి పుస్తకాల ఖర్చు అని పంచేది. 2025లో కోర్టు ఒప్పందం ఒకటి కుదిరాక, అందులో చేరిన కాలేజీలకు ఆ 12 పరిమితి పోయి, జట్టులో 38 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. వినడానికి బాగానే ఉంది. కానీ పరిమితి తీసినంత మాత్రాన ఖజానా నిండదు. ఆ ఒప్పందం ప్రకారం కాలేజీలు కొత్తగా ఆటగాళ్లకు పంచే డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్లకే పోతోంది. పైగా 38 అనేసరికి అంతకుముందు స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులో చేరి కష్టపడే పిల్లలకు దొరికే చోటు తగ్గింది. వేరే కాలేజీ నుంచి బదిలీ అయ్యే సీనియర్లు కూడా అదే చోటు కోసం వస్తారు, కోచ్‌కి పదహారేళ్ల పిల్లకన్నా రెండేళ్లు కాలేజీ ఆట ఆడిన ఇరవయ్యేళ్ల పిల్ల మీద నమ్మకం ఎక్కువ.

హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలైతే ఆటకని స్కాలర్‌షిప్పే ఇవ్వవు. డివిజన్ 3 కాలేజీలూ ఇవ్వవు. మన దగ్గర ఇంజినీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా ఉన్నట్టు సర్టిఫికెట్లు పట్టుకెళ్తే సీటిచ్చే పద్ధతి ఇక్కడ లేదు. ముందు కోచ్ కావాలనుకోవాలి, తర్వాత అడ్మిషన్ ఆఫీసు మార్కులు చూసి సరేననాలి.

మరి ఇంతోటిదానికి ఎందుకు ఆడించడం అంటారేమో. శ్రావ్యకి సరిపడే చోటు డివిజన్ 3లోనే ఉందని మా ఇద్దరికీ అనిపిస్తోంది, దానికీ అనిపిస్తోంది. డివిజన్ 1లో ఆడపిల్లల జట్లు వంద దాటి ఉంటే, డివిజన్ 3లో అంతకు రెట్టింపు కన్నా ఎక్కువే ఉన్నాయి. అక్కడ ఆట తక్కువ స్థాయిదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇక్కడికి దగ్గర్లోని సాలిస్‌బరీ, గెటిస్‌బర్గ్ కాలేజీల ఆడపిల్లల మ్యాచ్‌లు చూస్తే మీరు కుర్చీలో కూర్చోలేరు. ల్యాబులూ క్లాసులూ మానకుండా ఆడుకోవచ్చు. డబ్బు సాయం మార్కుల్ని బట్టీ, మన ఆదాయాన్ని బట్టీ వస్తుంది. అంటే బయాలజీలో దాని గ్రేడు బాగుంటే, గోల్స్ వల్ల రాని డబ్బు చదువు వల్ల రావచ్చు. చాలా చోట్ల పదకొండో తరగతి అయిన వేసవిలో కోచ్‌లు పిల్ల మార్కుల పత్రాలు అడ్మిషన్ ఆఫీసుకి ముందుగా చూపించి, వస్తుందా రాదా అని ఒక మాట తెలుసుకుంటారు. దాన్ని ప్రీ-రీడ్ అంటారు. మేం కళ్లు కాయలు కాచేలా చూసేది దాని కోసమే.

ఇంకో జాగ్రత్త తీసుకున్నాం. "గ్యారంటీగా కాలేజీ జట్టులో చేర్పిస్తాం" అని కొన్ని వేల డాలర్లు అడిగిన ఒక కన్సల్టెన్సీకి మీ అల్లుడు నిర్మొహమాటంగా వద్దన్నారు. కోచ్‌లకు ఈమెయిళ్లు శ్రావ్యే రాసుకుంటుంది. ఏ సంవత్సరం పాసవుతుంది, ఏ పొజిషన్, మార్కులు, ఏ టోర్నమెంట్లో ఏ మైదానంలో ఎన్నింటికి ఏ నంబరుతో ఆడుతుంది, మూడు నాలుగు నిమిషాల వీడియో. అంతే. డివిజన్ 3 కోచ్‌లకు సెప్టెంబర్ తేదీ అడ్డంకి లేదు కాబట్టి ఇద్దరు జవాబిచ్చారు. ఒకావిడ "రెండో సగంలో నీ ఎడమచేతి పాస్ చూశాను" అని రాసింది. నాన్నా, వంద క్యాంపు ఆహ్వానాలకన్నా ఆ ఒక్క వాక్యం ఎక్కువ, ఎందుకంటే ఆవిడ నిజంగా చూసింది. ఈ వేసవిలో ఆ ఇద్దరి క్యాంపులకే వెళ్తుంది. ఆ ఖర్చు మేం పెట్టుకోగలం.

కాలేజీలు ఎంచుకునేటప్పుడు క్లబ్ కోచ్ ఒక ప్రశ్న అడిగింది: మొదటిరోజే కాలు విరిగి నాలుగేళ్లూ ఆడలేకపోతే అక్కడ ఉండగలవా? ఉండలేనన్న కాలేజీలన్నీ శ్రావ్య తనే కొట్టేసింది. దాని గది గోడ మీద యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్ జట్టు పోస్టరు ఉంది, దేశంలో అందరికన్నా ఎక్కువ ఎన్‌సీఏఏ టైటిళ్లు గెలిచిన ఆడపిల్లల జట్టది. "అక్కడ చదువుకి అప్లై చేస్తానమ్మా, వస్తే అక్కడి విద్యార్థుల క్లబ్ జట్టులో ఆడుకుంటా. ఈ పోస్టర్లోని జట్టుకి నేను సరిపోను" అంది. ఏడుస్తూ అనలేదు, అన్నం కలుపుకుంటూ మామూలుగా అంది. నాకే కాసేపు ముద్ద దిగలేదు. తన బలం ఎంతో అంత చక్కగా తెలుసుకున్న పిల్లని చూస్తే నాకు గర్వంగా ఉంది, మీకూ ఉండాలి.

ఈ ఆట గురించి మీరడిగారు కదా. ఇది తెల్లవాళ్లు తెచ్చింది కాదు, ఈ నేల మూలవాసులది. హోడెనోషోనీ ప్రజలు దీన్ని సృష్టికర్త ఇచ్చిన ఆటగా భావిస్తారు, ప్రపంచ పోటీల్లో ఇప్పటికీ తమ సొంత జాతి పేరుతో సొంత జట్టుగా ఆడతారు. ఆడపిల్లల ఆటలో పన్నెండు మందేసి, కళ్లకు గాగుల్స్, పళ్లకు గార్డు. మగవాళ్ల ఆటలోలా ఒంటితో గుద్దుకోవడానికి లేదు. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఆరుగురేసి ఆడే పద్ధతిలో పెడుతున్నారు. 2023 అక్టోబర్లో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే క్రికెట్‌నీ దీన్నీ కలిపి ఒప్పుకున్నారు. అప్పుడు టీవీలో మీరు క్రికెట్ గురించి విని సంబరపడ్డారు, ఇక్కడ శ్రావ్య దీని గురించి విని గెంతింది.

మీరు పంపాలనుకుంటే డబ్బు బదులు ఒకటి పంపండి. శ్రావ్య డిఫెన్స్‌లో పక్కకు తిరగడంలో అర అడుగు ఆలస్యమవుతోందని ఇద్దరు కోచ్‌లూ చెప్పారు. ఖోఖోలో పోల్ దగ్గర వేగం తగ్గకుండా మలుపు తిరగడం మీరు పిల్లలకు ఎలా నేర్పేవాళ్లో నాకింకా కళ్లకు కట్టినట్టుంది, నేర్పడం మాత్రం నాకు రాదు. మీకు ఆదివారం ఉదయం ఆరున్నర, మాకు శనివారం రాత్రి తొమ్మిది. తమ్ముణ్ణి ఫోన్ పట్టుకోమని, పెరట్లో నాలుగు ఇటుకలు పెట్టి వీడియో కాల్లో చూపించండి. మీరు పరిగెత్తకండి, పక్కింటి పిల్లల చేత చేయించండి. శ్రావ్య గ్యారేజీ ముందు చోటు ఖాళీ చేసి పెట్టుకుంది. వచ్చే ఆదివారం వీలవుతుందో లేదో తమ్ముడితో మెసేజ్ పెట్టించండి.

అమ్మకి నమస్కారాలు. తమ్ముడికీ మరదలికీ ఆశీస్సులు.

మీ కుమార్తె,
రాధ